వేడినీళ్ళ ఖరీదు ఎవరు చెల్లిస్తున్నారు?

(గృహనిర్వాహకుల పుట)



ధాన్యము ఇంటికి చేరి, పత్తి అమ్ముడై, చేతిలో నాలుగు డబ్బులు ఆడే నెలలు ఇవి. చలి కూడా ఈ నెలల్లోనే. అందుచేత మన ఇండ్లలో ఏటా ఈ కాలములో ఒక ప్రశ్న వస్తుంది: "గీజరు పెట్టించుకుందామా?" కొత్తగా మిద్దె వేసుకున్నవారు ఇంకొక అడుగు ముందుకు వేసి, పైన సోలారు హీటరు పెట్టిస్తే ఎలా ఉంటుందని ఆలోచిస్తారు. పెద్దవారు "మా కాలములో ఇవన్నీ ఎక్కడివి?" అంటారు. పిల్లలు "పక్కింటివాళ్ళకు ఉంది కదా" అంటారు. ఇంటి ఇల్లాలు మాత్రము సాధారణముగా ఏమీ అనదు.

సంఘములో అడిగితే, అవి లోకసుఖములు, విశ్వాసికి ఎందుకని ఒకరు చెబుతారు. దేవుడు ఇచ్చినప్పుడు అనుభవించుటలో తప్పేమని మరొకరు చెబుతారు. రెండింటిలోను కొంత సత్యము ఉన్నది. అయితే ఈ రెండింటికంటె ముందు అడగవలసిన ప్రశ్న ఒకటున్నదని మాకు తోచుచున్నది. గీజరు లేని ఇంట్లో కూడా వేడినీళ్ళు వస్తూనే ఉన్నాయి. అవి ఇప్పుడు ఎలా వస్తున్నాయి? వాటి ఖరీదు ఎవరు చెల్లిస్తున్నారు?

కూర్చుండి లెక్క చూద్దాము

గోపురము కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి, దానిని ముగించుటకు చాలినంత ఉన్నదో లేదో లెక్క చూసుకొనునని ప్రభువు చెప్పిన మాట మనకు తెలుసు (లూకా 14:28-30). గోపురమునకు చేయవలసిన లెక్క గీజరుకు కూడా చేయవచ్చును. కాగితము, కలము తీసుకొని ఇంటిల్లిపాది కూర్చోండి.

ఒక మనిషి స్నానమునకు ఒక బకెట్టు, అనగా ఇరవై లీటర్ల నీళ్ళు అనుకుందాము. చలికాలము ఉదయమున నీళ్ళు 22 డిగ్రీలు ఉంటే, వాటిని ఒంటికి హాయిగా ఉండే 40 డిగ్రీలకు తేవలెను. దీనికి కావలసిన వేడి కరెంటు లెక్కలో అర యూనిట్‌కు కొంచెము తక్కువ. ఐదుగురున్న ఇంటికి రోజుకు రెండు యూనిట్లు పైన. గీజరులోను గొట్టములలోను పోయే వేడిని కూడా కలుపుకొంటే రెండున్నర యూనిట్లు. చలికాలము వంద రోజులనుకుంటే మొత్తము 250 యూనిట్లు. యూనిట్ 6 రూపాయలనుకుంటే సంవత్సరమునకు 1500 రూపాయలు. ఇది ఉదాహరణకు చెప్పిన ధర మాత్రమే. వాడకము పెరిగేకొద్దీ పై శ్లాబు ధర పడుతుంది గనుక మీ బిల్లు తీసి, మీరు ఏ శ్లాబులో ఉన్నారో చూసి లెక్క వేసుకోండి.

తెలంగాణలోని పాఠకులు మరియొక సంగతి గమనించాలి. 2024 మార్చిలో అమలులోనికి వచ్చిన గృహజ్యోతి పథకము క్రింద జీరో బిల్లు వచ్చే ఇండ్లు, నెలకు 200 యూనిట్లు దాటితే ఆ నెల బిల్లు మొత్తము కట్టవలసియుంటుంది. గీజరు వలన నెలకు 75 యూనిట్లు పెరుగుతాయి. ఇప్పటికే 150 యూనిట్లు కాలుస్తున్న ఇల్లు ఆ గీత దాటిపోతుంది.

గ్యాసు పొయ్యి మీద కాచుకుంటే, ఈ వంద రోజుల స్నానములకు సుమారు రెండు సిలిండర్లు ఖర్చవుతాయి. మీ ఊరిలో సిలిండరు ధర ఎంతో వేసుకొని, పై లెక్కతో పోల్చి చూడండి.

కట్టెల పొయ్యి ఉచితము కాదు

"మాకు ఆ ఖర్చేమీ లేదు, పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి మీద కాగు పెడతాము, కంది కట్టె, తుమ్మ కంప చేనులోనే దొరుకుతాయి" అని చాలామంది అంటారు. అది నిజమే. అయితే మూడు రాళ్ళ పొయ్యిలో మండిన కట్టెల వేడిలో పదింట తొమ్మిది వంతులు గాలిలో కలిసిపోతుంది. కాగుకు అందేది పదోవంతు, లేదా కొంచెము ఎక్కువ. ఆ లెక్కన ఒక బకెట్టు వేడినీళ్ళకు సుమారు ఒక కిలో ఎండు కట్టెలు కావాలి. ఐదుగురికి ఐదు కిలోలు. వంద రోజులకు అర టన్ను.

ఈ అర టన్ను కట్టెలు తమంతట తామే నడిచి ఇంటికి రావు. వాటిని ఏరినదెవరు? మోపు కట్టి నెత్తిన పెట్టుకొని గట్ల మీద నడిచి వచ్చినదెవరు? ముసురు పట్టినప్పుడు తడవకుండా పంచలోనికి చేర్చినదెవరు? తెల్లవారుజామున నాలుగు గంటలకు మంచులో కూర్చుండి, తడిసిన పుల్లలను ఊది మంట లేపినదెవరు? బోరింగు కొట్టి, ఐదు బకెట్ల నీళ్ళు కాగులో పోసినదెవరు? కాగిన నీళ్ళు తోడి ఒక్కొక్కరికి స్నానాల గదిలో పెట్టినదెవరు?

ఒక్క ఇంట్లో తప్ప మరొక ఇంట్లో ఈ ప్రశ్నలకు జవాబు మారదు. ఆమె మన తల్లి, లేక మన భార్య, లేక మన కోడలు. అందరి స్నానములు అయ్యేసరికి కాగు అడుగున నీళ్ళు ఉండవు, పొయ్యిలో నిప్పు ఉండదు. ఆమె చివరన చన్నీళ్ళు పోసుకొని వంటకు వెళ్తుంది. ఆదివారము నాడైతే ఇంకా తొందర. ఆరాధనకు అందరూ తెల్లబట్టలతో ముందు వెళ్తారు, ఆమె రెండవ పాట అయిన తరువాత వచ్చి వెనుక చాపమీద కూర్చుంటుంది.

పొగ సంగతి కూడా లెక్కలో వేయాలి. ఏళ్ళ తరబడి కట్టెల పొగ పీల్చినవారికి దీర్ఘకాలపు ఊపిరితిత్తుల వ్యాధి వస్తుందని, పొయ్యి దగ్గర ఆడుకొనే చిన్నపిల్లలకు నిమోనియా ఎక్కువగా వస్తుందని, కంటి శుక్లములకు కూడా ఈ పొగ ఒక కారణమని వైద్యులు చెబుతున్నారు. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకము వచ్చినది. 2016లో దేశమంతటా ఉజ్జ్వల పథకము వచ్చినది. వంట గ్యాసు మీదికి మారినది గాని, చాలా పల్లెలలో నీళ్ళ కాగు మాత్రము ఇంకా కట్టెల పొయ్యి మీదనే ఉన్నది. గ్యాసును వంటకు దాచుకొని, పొగను ఇల్లాలికి మిగిల్చినాము.

దావీదు త్రాగని నీళ్ళు

దావీదు అదుల్లాము గుహలో ఉన్నప్పుడు, బేత్లెహేము గవినియొద్దనున్న బావి నీళ్ళు త్రాగవలెనని ఆశపడ్డాడు. అది కోతకాలము. బేత్లెహేములో ఫిలిష్తీయుల దండు ఉన్నది. అతని మాట విని ముగ్గురు బలాఢ్యులు ఆ దండులోనుండి చొచ్చుకొని పోయి నీళ్ళు తెచ్చి ఇచ్చారు. దావీదు వాటిని త్రాగలేదు. ప్రాణమునకు తెగించి పోయినవారి రక్తముతో సమానమైన ఆ నీళ్ళు నేను త్రాగరాదని, వాటిని యెహోవా సన్నిధిని పారబోశాడు (2 సమూయేలు 23:13-17).

ఆ నీళ్ళకు దావీదు రూపాయి చెల్లించలేదు. ఆయన చేతికి అవి ఉచితముగానే వచ్చినవి. అయినను వాటి ఖరీదు ఎంతో, దానిని ఎవరు చెల్లించారో ఆయన చూడగలిగాడు. మన స్నానాల గదిలో ప్రతి ఉదయము పొగలు గ్రక్కుచు సిద్ధముగా ఉండే బకెట్టును ఆ కన్నులతో చూసినామా? దానిని పారబోయమని మేము చెప్పుట లేదు. దాని వెల ఎంతో తెలిసికొని ఒంటిమీద పోసుకొనవలెనని చెబుచున్నాము.

సామెతలు 31వ అధ్యాయములో గుణవతియైన భార్య చీకటితోనే లేచునని ఉన్నది. పెండ్లి ప్రసంగములలో ఈ మాట తప్పక వినబడుతుంది. మంచిదే. అయితే ఆమె లేచినదని మెచ్చుకొనుట, మనము దుప్పటి కప్పుకొని పడుకొనుటకు అనుమతి కాదు. ఆ అధ్యాయము చివరి వచనము, ఆమె చేతుల కష్టఫలములో పాలు ఆమెకు ఇవ్వవలెనని కూడా చెబుతున్నది. పత్తి ఏరినది ఆమె. నాట్లు వేసినది ఆమె. ఆ డబ్బులో ఆమె నడుమునకు, ఆమె కళ్ళకు కొంచెము విశ్రాంతి కొనుట దుబారా అవునా?

ఏ ఇంటికి ఏది తగును?

ఇంత చెప్పిన తరువాత, అందరూ గీజరు కొనవలెనని మేము తీర్పు చెప్పుట లేదు. ఇంటిని బట్టి, ఊరిని బట్టి నిర్ణయము మారుతుంది.

నీళ్ళు నిలువ చేసే గీజరుకు పైన ట్యాంకు ఉండాలి. ట్యాంకు లేకుండా గీజరు కొంటే అది గోడకు అలంకారము. పదిహేను లీటర్ల గీజరు ఒకసారి కాగితే, చన్నీళ్ళు కలిపిన తరువాత బకెట్టున్నర స్నానపు నీళ్ళు వస్తాయి. మళ్ళీ కాగుటకు ఇరవై నిమిషములు. ఐదుగురున్న ఇంటికి మూడుసార్లకు పైగా కాగాలి. ఇరవైఐదు లీటర్లదైతే ఒకసారికి రెండున్నర బకెట్లు. దాని మీద నక్షత్రముల గుర్తు చూసి కొనండి. నక్షత్రములు ఎక్కువైతే ఊరకనే పోయే వేడి తక్కువ. అవసరమునకు అరగంట ముందు స్విచ్చి వేసి, పని అయిన వెంటనే ఆపివేస్తే మేలు.

ఓల్టేజీ సంగతి పల్లెవారు మరువరాదు. 230 ఉండవలసిన చోట 165 మాత్రమే వస్తే గీజరుగాని రాడ్డుగాని ఇచ్చే వేడి సగమునకు పడిపోతుంది, కాగుటకు రెట్టింపు సేపు పడుతుంది. మోటార్లు నడిచే వేళలో మీ ఇంట్లో బల్బు ఎలా వెలుగుతుందో చూస్తే ఈ సంగతి మీకే తెలుస్తుంది. బోరు నీళ్ళు ఉప్పగా ఉండే ఊళ్ళలో కాగు అడుగున తెల్లని పొర కట్టడము మనకు తెలిసినదే. అదే పొర గీజరు లోపలి కాయిలు మీద కూడా కడుతుంది. అప్పుడప్పుడు విప్పించి శుభ్రము చేయించే ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి.

సోలారు హీటరుకు ఎండ ఉచితము గాని పరికరము ఉచితము కాదు. పైన చెప్పినట్లు సంవత్సరమునకు 1500 రూపాయల కరెంటు మిగిలితే, 20,000 రూపాయలు పెట్టి కొన్న పరికరము ఖర్చు తిరిగి వచ్చుటకు పదమూడేండ్లు పడుతుంది. కోస్తా మైదానములలో మే నెలలో మిద్దెమీది ట్యాంకు నీళ్ళే చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటాయి గనుక, చలి నెలలు తప్ప దానితో పని తక్కువ. కాని లంబసింగి, చింతపల్లి, అరకు వంటి మన్యపు ఊళ్ళలో, ఆదిలాబాదు వైపు చలి ఎక్కువగా ఉండే గ్రామములలో, ఏడాది పొడవునా వేడినీళ్ళు కావలసిన ముసలివారు, రోగులు ఉన్న ఇండ్లలో ఈ లెక్క మారిపోతుంది. పదిమంది పిల్లలున్న హాస్టలుకైతే ఇంకా త్వరగా ఖర్చు తీరుతుంది. ఉప్పు నీళ్ళకు రాగి గొట్టముల రకము కంటె గాజు గొట్టముల రకము మేలు. అయితే కోతులు తిరిగే ఊరైతే గాజుకు కాపుదల కావాలి.

ఇవేవీ వీలుకాని ఇంటికి పాతకాలపు రాగి బాయిలరు ఉన్నది. మంట దాని నడుమ గొట్టములోనుండి పోవును గనుక మూడు రాళ్ళ పొయ్యికంటె చాలా తక్కువ కట్టెతో నీళ్ళు కాగుతాయి.

అప్పు, పోలిక, కొర్బాను

ఈ నిర్ణయములో మూడు ఉరులు ఉన్నవి.

మొదటిది అప్పు. వడ్డీకి తెచ్చి గీజరు కొంటే, రేపటి ఎరువుల డబ్బును నేటి స్నానమునకు ఖర్చు పెట్టినట్లే. ఎవనికిని ఏమియు అచ్చియుండవద్దని పౌలు రోమా సంఘమునకు వ్రాశాడు (రోమా 13:8). వాయిదాల మీద ఇస్తామని దుకాణములో చెప్పినప్పుడు, పంట పోయిన నెలలో ఆ వాయిదా ఎక్కడ నుండి కడతామో ముందే అనుకోండి. ఆరు నెలలు మెల్లగా కూడబెట్టి కొన్న వస్తువు ఇంట్లో సమాధానముగా ఉంటుంది.

రెండవది పోలిక. పొరుగువానిది ఏదియు ఆశింపకూడదని పది ఆజ్ఞలలో చివరిది. "వాళ్ళకుంది గనుక" అనేది కొనుటకు కారణము కాదు. మీ ఇంట్లో గోరువెచ్చని నీళ్ళు ఎవరికి అవసరమో, ఆ మనిషి పేరు చెప్పగలిగితే అది కారణము.

మూడవ దానిని గూర్చి మనము తక్కువగా మాట్లాడుకుంటాము. "ఆ డబ్బు మందిరము పనికి మ్రొక్కుకున్నాము, ఇంట్లో సుఖములు ఎందుకు?" అని భక్తితో చెప్పేవారు ఉన్నారు. కానుక ఇవ్వవలసినదే, దశమ భాగము తీయవలసినదే. అయితే తలిదండ్రులకు చేయవలసిన సహాయమును కొర్బాను అని చెప్పి తప్పించుకొన్నవారిని ప్రభువు గద్దించాడు (మార్కు 7:9-13). కీళ్ళనొప్పులతో ఉన్న ఎనభై ఏండ్ల తల్లి జనవరిలో చన్నీళ్ళకు వణుకుచుండగా, ఆ డబ్బుతో మందిరములో మన పేరు చెక్కిన ఫ్యాను వేయిస్తే, ప్రభువు సంతోషించునా?

ప్రాణము మీదికి తెచ్చుకోవద్దు

వేడినీళ్ళ పరికరము ఏదైనను కొన్ని జాగ్రత్తలు తప్పవు. వీటిని ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.

బకెట్టులో పెట్టే రాడ్డు చవక గనుక పల్లెలలో అదే ఎక్కువ. ఇనుప బకెట్టులో దానిని పెట్టవద్దు. నీళ్ళలో పెట్టిన తరువాతనే స్విచ్చి వేయాలి. స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకిన తరువాతనే నీళ్ళు ముట్టుకొని చూడాలి. పిల్లలు తిరిగే చోట పెట్టి పక్కకు పోవద్దు.

గీజరుకైనా రాడ్డుకైనా పెద్ద ప్లగ్గు, సరియైన ఎర్త్ ఉండాలి. మనిషికి షాక్ తగిలిన క్షణమే కరెంటు తెంచే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అనే స్విచ్చి మీటరు దగ్గర పెట్టించండి. గీజరు కొనుటకు డబ్బు ఉండి దీనికి లేదంటే, గీజరు కొనుటకు కూడా లేనట్లే లెక్క.

గ్యాసు గీజరును తలుపులు మూసిన స్నానాల గదిలో ఎన్నడూ పెట్టవద్దు. దాని మంట గదిలోని గాలిని తినివేసి, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును విడుస్తుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. స్నానమునకు వెళ్ళినవారు తల తిరిగి పడిపోయి, తలుపు పగులగొట్టేసరికి ప్రాణము పోయిన ఇండ్లు ఉన్నవి. పరికరము బయట గాలిలో ఉండి, గొట్టము మాత్రమే లోపలికి రావాలి.

60 డిగ్రీల నీళ్ళు పెద్దవారి చర్మమునే ఐదు సెకన్లలో కాల్చగలవు. పసిపిల్లలకు అంతసేపు కూడా పట్టదు. బకెట్టులో ముందు చన్నీళ్ళు పోసి, తరువాత వేడినీళ్ళు కలిపే అలవాటు చేసుకోండి. చక్కెర వ్యాధితో పాదములు మొద్దుబారినవారికి వేడి తెలియదు. వారి నీళ్ళను మరొకరు మోచేతితో చూసి ఇవ్వాలి.

కొనలేని ఇంటిలో

లెక్క చూసిన తరువాత, ఈ సంవత్సరము కాదు అని తేలిన కుటుంబములు ఎన్నో ఉంటాయి. వారు సిగ్గుపడనక్కరలేదు. అన్నవస్త్రములు గలవారమై తృప్తి పొందుట దేవుని పిల్లలకు తగినది (1 తిమోతి 6:8). అయితే ఖర్చు లేకుండా చేయగలిగినవి కూడా ఉన్నవి.

ఉదయమే నీళ్ళు నింపిన బిందెలను మూతలు పెట్టి ఎండలో ఉంచితే సాయంత్రమునకు గోరువెచ్చగా ఉంటాయి. ముసలివారు, పిల్లలు అప్పుడే స్నానము చేయవచ్చును. కాగుకు మూత పెడితే కట్టె ఆదా అవుతుంది. పొయ్యి చుట్టూ గాలి తగలకుండా మట్టి గోడ కడితే ఇంకా ఆదా. కట్టెలు మోయుట కొడుకులకు కూడా నేర్పవచ్చును, అది ఆడపిల్లల పని అని లేఖనములలో ఎక్కడా లేదు. వారములో మూడు రోజులు ఇంటి యజమాని ముందుగా లేచి పొయ్యి వెలిగించవచ్చును. మొదటి బకెట్టు ఇంటి ఇల్లాలిదని ఒక నియమము పెట్టుకోవచ్చును.

ప్రభువు తాను అప్పగింపబడిన రాత్రి, పళ్ళెములో నీళ్ళు పోసి, తువాలు నడుమునకు కట్టుకొని, శిష్యుల పాదములు కడిగాడు (యోహాను 13:4-5). ఆ నీళ్ళు పోసినది ఆయనే, పళ్ళెము ఎత్తినది ఆయనే. మన ఇండ్లలో ఆ పళ్ళెము ఎన్నో ఏండ్లుగా ఒకే చేతిలో ఉన్నది. దానిని అందుకొనుటకు గీజరు అవసరము లేదు. గీజరు కొన్న ఇంటిలో కూడా ఆ పళ్ళెము అందుకొనేవారు లేకపోతే, ఇల్లాలి పని ఒకటి తగ్గి మరొకటి పెరుగుతుంది, అంతే.

కాబట్టి కొనండి, లేక ఆగండి. దేనినైనను లెక్క చూసి, అప్పు లేకుండా, ఆమెను కూడా కూర్చోబెట్టి అడిగి చేయండి. ఇంతవరకు ఏమీ అనని ఆమె ఏమంటుందో వినండి.

కుటుంబ ప్రార్థనలో మాట్లాడుకొనుటకు:

1. మన ఇంట్లో అందరికంటె ముందు లేచేది ఎవరు? చివర స్నానము చేసేది ఎవరు?

2. 2 సమూయేలు 23:13-17 చదవండి. మనకు ఉచితముగా వస్తున్నదనుకొనే దేనికి మరొకరు వెల చెల్లిస్తున్నారు?

3. ఈ వారములో ఆ భారములో ఏ భాగమును నేను తీసుకొనగలను?

ప్రార్థన: పరిశుద్ధ తండ్రీ, మా ఇంట్లో మా కొరకు కష్టపడుచున్నవారిని చూచుటకు మాకు కన్నులు ఇమ్ము. నీవిచ్చిన ధనమును జ్ఞానముతో ఖర్చు చేయుటకును, ఒకరి భారములు ఒకరము మోయుటకును సహాయము చేయుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.